చల్లబడేదాకా

ఆఫీసులో అందరూ ఆయన్ని కొలతలాయన అంటారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆయనకీ ఆ పిలుపే బాగుంటుంది. చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ మెషిన్లు దుకాణాల్లోకి రావడానికి వారం ముందే వాళ్ళ ఆఫీసుకి వస్తాయి. ఏది గట్టిదో, ఏది ఉత్త ఆర్భాటమో తేల్చి, వీడియో తీసి జనానికి చెప్పడం ఆ ఆఫీసు బతుకుతెరువు. తేల్చేది కొలతలాయన, చెప్పేది యాంకరమ్మాయి. జనానికి యాంకరమ్మాయి ఒక్కతే తెలుసు. ఆమె నవ్వు తెలుసు, చెవి లోలాకులు కూడా తెలుసు. వెనక గదిలో ఒక మనిషి కళ్ళు మంటలెత్తేలా లెక్కలు కడుతున్నాడని ఎవరికీ తెలీదు.

ఆ సోమవారం ఆయన బల్ల మీద రెండు మెషిన్లున్నాయి. రెండు కంపెనీలు ఒకరి మీద ఒకరు పళ్ళు నూరుకుంటూ ఒకే శుక్రవారం అమ్మకానికి దించబోతున్నవి. ఒకటి నల్లది. వెడల్పు తెర, లోపల పెద్ద గ్రాఫిక్స్ చిప్, ఎత్తితే ఇటుకంత బరువు. రెండోది తెల్లది. చిన్నది, తేలికది, రెండు పక్కలా ఉన్న మీటల ముక్కల్ని ఊడదీసి విడివిడిగా పట్టుకోవచ్చు. ఆఫీసులో పందేలు అప్పుడే నల్లదాని వైపు పడిపోయాయి.

కొలతలాయన గది తలుపు మూశాడు, ఫ్యాను ఆపాడు. గోడ మీది థర్మామీటరు ఇరవై అయిదు చూపించేదాకా ఆగాడు. నల్లదాన్ని ఇనప స్టాండులో బిగించి, ఎదురుగా కెమెరా పెట్టాడు. పరీక్షకి పెట్టే ఆట ఒకటే: వానలో ఒక మనిషి లాంతరు పట్టుకుని కొండదారిలో పరుగెడుతుంటాడు. విరిగిన వంతెన దగ్గరికి వచ్చేసరికి వాన చినుకులు, నీళ్ళలో నీడలు, లాంతరు వెలుగు అన్నీ ఒక్కసారే గీయాల్సి వస్తుంది. ఎంత లావు చిప్ అయినా అక్కడ కాస్త తడబడక తప్పదు. ఆ వంతెన దాటడం ఆటే తనంతట తను ఆడి చూపిస్తుంది, మనిషి మీట నొక్కక్కర్లేదు. అలా ఒక గంట పాటు మళ్ళీ మళ్ళీ దాటించి, తీసిన వీడియోని అంగుళం అంగుళం ముందుకి జరుపుతూ, సెకనుకి తెర మీద ఎన్ని కొత్త బొమ్మలు వచ్చాయో ఆయన లెక్కపెడతాడు. లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ ఉంది గానీ, నల్లది దాన్ని లోపలికి రానిస్తుంది, తెల్లది రానివ్వదు. ఒకదాన్ని సాఫ్ట్‌వేర్‌తోనూ ఇంకోదాన్ని కళ్ళతోనూ కొలిస్తే అది కొలత కాదు, తోడికోడళ్ళ పంచాయితీ అంటాడు ఆయన. అందుకే రెండింటినీ కళ్ళతోనే కొలుస్తాడు.

సాయంత్రానికి లెక్క తేలింది. సెకనుకి నల్లది యాభై ఎనిమిది బొమ్మలు, తెల్లది నలభై ఒకటి. నీళ్ళలో నీడలు నల్లదాంట్లో నీడల్లాగే ఉన్నాయి, తెల్లదాంట్లో అలికినట్టున్నాయి. కరెంటు మాత్రం నల్లది రెండింతలు తాగుతోంది. మొదటి నిమిషంలో ఎంతో అరవయ్యో నిమిషంలోనూ అంతే, రెండూ ఎక్కడా తగ్గలేదు. యాంకరమ్మాయి తలుపు సందులోంచి తల పెట్టింది.

"ఎవరు గెలిచారు సార్?"

"నల్లది."

"బాగా గెలిచిందా, అంతంతమాత్రమా?"

"బాగానే. ఇందులో మాట్లాడ్డానికేం లేదు."

ఆమె సరే అనుకుంటూ వెళ్ళిపోయింది. కొలతలాయన మెషిన్లు రెండూ పెట్టెల్లో సర్ది, ఎడిటర్ దగ్గరికి వెళ్ళి, బ్యాటరీ పరీక్ష ఇంటి దగ్గర చేస్తానన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్క మెషిన్ ఇంటికి పట్టుకెళ్ళింది లేదు. ఎడిటర్ కళ్ళజోడు పైకి తోసి చూశాడు.

"ఇంట్లో ఫ్యాను తిరుగుతుంది, గాలి వీస్తుంది, మీకు నిద్ర పడుతుందా?"

"రెండ్రోజులే కదండీ."

"సంతకం పెట్టి తీసుకెళ్ళండి. గురువారం పొద్దున్నకి వెనక్కి రావాలి."

రిజిస్టరులో 'బ్యాటరీ పరీక్ష' అని రాస్తుంటే కొలతలాయనకి చెవులు వేడెక్కాయి. ఆయన అబద్ధం రాయడం అదే మొదలు.

ఇంట్లో కిటికీ పక్క కుర్చీలో అక్క కూర్చుని ఉంది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి రెండు నెలలు దాటింది. ఆసుపత్రి నుంచి తిన్నగా తమ్ముడింటికే తీసుకొచ్చారు. మాట మూడో వారానికే పూర్తిగా తిరిగొచ్చేసిందని డాక్టర్లు చెప్పారు. వచ్చిన మాటని ఆవిడ వాడటం లేదు, అంతే. అంతకుముందు యూనిఫాం బట్టలు కుట్టే కొట్లో గుడ్డ కత్తిరించేది. నోరు విప్పితే కొట్లో మిషన్ల చప్పుడు వినబడేది కాదని అక్కడివాళ్ళు నవ్వుకునేవారు. ఆవిడ కత్తెరని గుడ్డలో చుట్టి వాళ్ళే తెచ్చిచ్చి వెళ్ళారు. అది అలమారలో పై అరలో ఉంది. ఆ అర తలుపు తెరిచినప్పుడల్లా అక్క కిటికీ వైపు తిరిగిపోతుంది.

"వదిన ఇవాళ మొత్తం నాలుగు మాటలంది" అంది భార్య, ఆయన చెప్పులు విప్పుతుండగానే. "అందులో మూడు 'వద్దు'లే."

"నాలుగోది?"

"'వద్దన్నాగా.'"

వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియో అమ్మాయి అప్పుడే సంచీ సర్దుకుంటోంది. పెట్టెల్లో ఏముందో చూసి ఆగింది. తెల్లదాని ఎడం ముక్క ఊడదీసి, ఇటూ అటూ తిప్పి చూసింది.

"ఇది బాగుందండీ. ఈ ముక్క ఎడం చేతిలో పెట్టేస్తే ఆవిడ ఒక్కరే ఆడుకోవచ్చు. ఎవరి సాయం అక్కర్లేదు. కుడి చెయ్యి మాత్రం నేను ఎంత బతిమాలినా కదపటం లేదు, మీరైనా చెప్పండి" అని, వెళ్ళిపోయింది.

కొలతలాయన ముందు నల్లదాన్నే తీశాడు. తన కళ్ళతో లెక్కపెట్టిన ఆ యాభై ఎనిమిది బొమ్మలు అక్క చూడాలని ఆయనకుంది. ఒళ్ళో దిండు వేసి, దాని మీద మెషిన్ పెట్టి, ఎడం చేతికి అందించాడు. ఇటుక బరువు ఒంటి చేత్తో నిలవక పక్కకి ఒరిగిపోయింది. ఆయన ముక్కాలిపీట లాక్కుని ఆవిడ కుడిపక్కన కూర్చుని, కుడివైపు తను పట్టుకున్నాడు. భుజానికి భుజం తగిలింది.

తెర మీద వాన మొదలైంది. అక్క చాలాసేపు చూసింది.

"నడక నాదా?" అంది.

ఆ మాట ఎక్కడిదో కొలతలాయనకి వెంటనే తెలిసింది. చిన్నప్పుడు ఇద్దరికీ కలిపి ఒక్కటే మెషిన్. బూడిద రంగు తెర, అందులో చీమంత బొమ్మ. కొట్టుకుని కొట్టుకుని చివరికి వాళ్ళు చేసుకున్న రాజీ ఏమిటంటే, ఎడంవైపు మీటలు అక్కవి, కుడివైపువి తమ్ముడివి. నడిపించేది ఆవిడ, దూకించేది ఈయన. ఇన్నేళ్ళ తర్వాత ఆవిడకి మిగిలింది ఆ ఎడం చెయ్యే.

"నీదే. దూకడం నాది" అన్నాడు.

లాంతరు మనిషి రెండడుగులు వేసి ఆగాడు. మళ్ళీ వేశాడు. మొదటి వంతెన దగ్గర నీళ్ళలో పడ్డాడు.

"దూకవేం?" అంది అక్క.

"నువ్వు ఆగితే కదా."

"నేను ఆగడమేంటి, చిన్నప్పుడూ ఇంతే, ఎప్పుడూ ఒక అడుగు ఆలస్యం."

వంటింట్లోంచి భార్య తొంగి చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి తగ్గింది. నాలుగో వంతెన దాటారు, అయిదోది దాటారు. ఎనిమిదో వంతెన మీద మనిషి ఉన్నట్టుండి నత్తి పట్టినట్టు నడిచాడు. వాన చినుకులు గాల్లో ఆగి ఆగి పడుతున్నాయి. కొలతలాయన చెయ్యి తీసి మెషిన్ వెనక తాకి చూశాడు, చుర్రుమంది. గోడ గడియారం చూశాడు. ముప్పై ఒక్క నిమిషాలు.

అంతే, ఆయనలోని కొలతలాయన నిద్ర లేచాడు. మెషిన్ని తీసుకెళ్ళి కిటికీ గట్టు మీద ఆనించి పెట్టాడు. సంచీలోంచి థర్మామీటరు, నోటుపుస్తకం తీశాడు. ఆఫీసులో గంటసేపు ఆడించినా కదలనిది ఇక్కడ అరగంటకే ఎందుకు చతికిలబడిందని ఆయన బుర్రలో పురుగు తొలచడం మొదలుపెట్టింది.

"ఆ చొక్కా ఎవరు కుట్టారు?" అంది అక్క వెనక నుంచి. "కాలరు ఎడం రెక్క పొడుగైంది."

"ఊఁ."

"కొట్లో నా బల్ల దగ్గర ఇప్పుడెవరున్నారో. గుడ్డ ముందు తడిపి ఆరబెట్టాలని ఎవరికీ తెలీదు. మొదటి ఉతుక్కే పిల్లల లాగులు మోకాళ్ళెక్కుతాయి. ఓనరుకి నాలుగు తిట్లు పడతాయి, పడనీ."

"ఊఁ."

ఆయన థర్మామీటరు మొనని మెషిన్ వెనక ఆనించి అంకె నిలబడేదాకా చూస్తున్నాడు.

"ఈ చెయ్యి మళ్ళీ కత్తెర పడుతుందంటావా?" అంది అక్క.

"ఊఁ" అన్నాడు కొలతలాయన. నలభై ఏడు అని పుస్తకంలో రాసుకున్నాడు.

మర్నాడు సాయంత్రం ఆయన గుమ్మంలోకి రాగానే భార్య మొహం వెలిగిపోతోంది.

"ఏం చెప్పారండీ నిన్న వదినకి? పొద్దున్న లేచింది మొదలు ఆ కుడి చెయ్యి ఎడం చేత్తో ఎత్తి పట్టుకుంటోంది, దించుతోంది, మళ్ళీ ఎత్తుతోంది. ఫిజియో అమ్మాయి ముక్కున వేలేసుకుంది."

"నేనేం చెప్పలేదు. ఆట వల్ల అయ్యుంటుంది" అన్నాడాయన, మనసులో పొంగిపోతూ.

ఆ రోజు తెల్లదాని వంతు. ఎడం ముక్క ఊడదీసి అక్క చేతిలో పెట్టి, తెరని ఎదురుగా బల్ల మీద నిలబెట్టాడు. ముక్క ఒక్కటే అరచేతిలో చక్కగా ఇమిడింది. నడక బొటనవేలికి, దూకడం చూపుడువేలికి, రెండూ ఆవిడవే. కొలతలాయన పీట మీద కూర్చుని చేతులు ఏం చెయ్యాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. లాంతరు మనిషి ఒక్కొక్క వంతెనా దాటుకుంటూ పోయాడు. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా నత్తి లేదు. గంటసేపు గదిలో ఆటలో వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"ఎలా ఉందక్కా?"

"బాగుంది" అంది అక్క, ఆసుపత్రి జావ గురించి చెప్పినట్టు.

ఆయన చెవిన పడింది ఆ 'బాగుంది' ఒక్కటే. గంట, ముప్పై ఆరు డిగ్రీలు, తగ్గుదల లేదు అని రాసుకున్నాడు. పుస్తకం మూస్తుండగా ఆయనకి విషయం తట్టింది. నిన్న అక్క ఎడం చేతి వేళ్ళూ తన కుడి చేతి వేళ్ళూ నల్లదాని వీపు మీద ఉన్నాయి. గాలి లోపలికి పోయే సందులు అక్కడే ఉన్నాయి. ఆఫీసు స్టాండులో ఆ వీపుని తాకేవాళ్ళెవరూ లేరు.

గురువారం దాకా గడువున్నా బుధవారం పొద్దున్నే మెషిన్లు ఆఫీసుకి తెచ్చేశాడు. స్టాండుని తీసి మూల పడేశాడు. కుర్చీలో కూర్చుని నల్లదాన్ని చేతుల్లో పట్టుకున్నాడు, మోచేతులు కదలకుండా బల్లకి ఆనించాడు. రెండు చేతులూ మెషిన్‌కే సరిపోతే రాసేదెవరని చూస్తుంటే యాంకరమ్మాయి వచ్చి పెన్ను అందుకుంది. ముప్పై ఒకటో నిమిషంలో యాభై ఎనిమిది కాస్తా ముప్పై మూడయింది. ఆమె చేతుల్లో ఆ లెక్క ముప్పై నాలుగో నిమిషంలో పడిపోయింది. ఆమె వేళ్ళు ఎప్పుడూ చల్లగా ఉంటాయి. వాచ్‌మన్‌ని పిలిచి కూర్చోబెట్టారు, ఆయన చేతులు పెద్దవి, ఇరవై ఎనిమిదో నిమిషానికే చతికిలబడింది. తెల్లది ముగ్గురి చేతుల్లోనూ గంటసేపు నలభై ఒకటి దగ్గరే కూర్చుంది. తిండి మానేసి సాయంత్రం దాకా ఇదే పని.

ఎడిటర్ కాగితం చూసి తల పట్టుకున్నాడు.

"చేతులేంటండీ మధ్యలో?"

"ఇవి చేతిలో పట్టుకునే మెషిన్లండీ. ఇన్నాళ్ళూ మనం చేతులు లేకుండా కొలిచాం."

"చేతులు పెడితే కెమెరాలో బొమ్మ కదులుతుందని స్టాండు చేయించింది మీరే కదా."

"నేనే. తప్పు నాదే."

ఎడిటర్‌కి ఈ జవాబు మింగుడుపడలేదు. తప్పు ఒప్పుకున్న మనిషితో ఎలా దెబ్బలాడాలో ఆయనకి తెలీదు.

"వీడియో నిన్ననే తీసేశాం. నల్లదే మొనగాడు అని అమ్మాయి చెప్పేసింది. ఇప్పుడు మారుస్తామా? పైగా ఒక్కొక్కళ్ళ చేతులు ఒక్కో రకం. ఇది కొలతేనా అసలు?"

"ముగ్గురి చేతులూ రాశానండీ. ఎవరి చేతుల్లో అయినా అరగంట అటూ ఇటూ."

"ఈసారికి పోనివ్వండి. వచ్చేసారి నుంచి పెడదాం."

కొలతలాయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కానీ ఆయనకి అక్క కళ్ళ ముందు కనబడింది. ఎక్కడో ఎవరో ఈ వీడియో చూసి, ఒంటి చెయ్యి మిగిలిన మనిషికి ఆ ఇటుక కొనిస్తారు. అరగంటకే అది కాలి మొండికేస్తుంది.

"అయితే నా పేరు తీసెయ్యండి" అన్నాడు.

"మీ పేరు అందులో ఎప్పుడుందండీ?" అన్నాడు ఎడిటర్. వెటకారంగా కూడా కాదు, మామూలుగానే అన్నాడు. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది. పన్నెండేళ్ళు ఆ గదిలో తలుపు మూసుకుని ఆయన చూసిన లక్షల బొమ్మల కింద ఎక్కడా ఆయన పేరు లేదు. ఎడిటర్‌కే తన మాట కటువుగా తోచినట్టుంది, బల్ల మీది పేపర్‌వెయిట్ అటూ ఇటూ జరిపాడు.

"సార్" అంది యాంకరమ్మాయి. "ఆ మెషిన్ నేను పట్టుకున్నాను. నా చేతుల్లోనే వేడెక్కింది. పట్టుకోకముందు చెప్పింది వేరు, పట్టుకున్నాక అదే చెప్పాలంటే నాకు నోరు రాదు. మళ్ళీ తీద్దాం, పది నిమిషాల పని."

ఎడిటర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీరిద్దరూ కలిసి నా దుంప తెంచుతున్నారు" అని, లైట్లు వెయ్యమని కేకేశాడు.

శుక్రవారం వీడియో బయటికి వచ్చింది. బల్ల మీద పెడితే నల్లది, చేతిలో పెడితే తెల్లది, కాబట్టి కొనుక్కోవాల్సింది తెల్లది అని యాంకరమ్మాయి చెప్పింది. ఆ మాట తన సొంతం కాదనీ, వెనక గదిలో కొలతలాయన తేల్చిందనీ కూడా చెప్పింది. ఇంట్లో భార్య అది రెండుసార్లు పెట్టి వినిపించింది. అక్క విని, తల ఊపి, కిటికీ వైపు తిరిగింది. మంగళవారం నుంచి ఆవిడ మళ్ళీ నాలుగు మాటల లెక్కలోకి వెళ్ళిపోయింది. మెషిన్లు లేకపోవడం వల్లనే అని కొలతలాయన సరిపెట్టుకున్నాడు. రేపు తెల్లది తెచ్చిపెడితే అక్క ఎవరి కోసమూ ఎదురుచూడకుండా రోజంతా ఆడుకుంటుందనుకుంటే ప్రాణం లేచొచ్చింది.

శనివారం పొద్దున్న దుకాణం తెరవకముందే వెళ్ళి నిలబడి, కొని తెచ్చి, అక్క ఒళ్ళో పెట్టాడు. ఆవిడ పెట్టె మీది బొమ్మ చూసింది. ఎడం చేత్తో పెట్టెని మెల్లిగా ముందుకి తోసింది.

"నల్లది ఏది?"

"అది వెనక్కి పంపేశాంగా. ఇది దానికంటే మంచిదక్కా, విన్నావుగా వీడియోలో."

"విన్నాను."

ఆయన ఊరుకోలేక నోటుపుస్తకం తెచ్చాడు, మోకాళ్ళ మీద కూర్చుని గళ్ళు చూపించాడు. ఇది మొదట్లో వచ్చే బొమ్మలు, ఇది అరగంట తర్వాత, ఇది వేడి. నల్లది ఎలా పడిపోయిందో చూడు. తెల్లది చూడు, గీత గీసినట్టుంది. ఆవిడ చూపుడువేలితో ఒక్కొక్క గడీ తాకుతూ చివరిదాకా వెళ్ళింది. గుడ్డ మీద సుద్దగీత వెంట పోయినట్టే పోయింది.

"ముప్పై ఒకటో నిమిషం. ఆగింది అని రాశావు" అంది. "ఆగాక?"

"ఆగాక ఏముంది? గట్టు మీద పెట్టాం, చల్లబడ్డాక తీశాం."

"చల్లబడేదాకా మనం ఏం చేశాం?"

కొలతలాయన పుస్తకంలోకి చూశాడు. అక్కడ నలభై ఏడు అని ఉంది, దాని తర్వాత నలభై రెండు, ముప్పై ఎనిమిది.

"నేను మాట్లాడాను" అంది అక్క. "రెండు నెలల్లో అంత మాట్లాడింది అప్పుడే. తెల్లది ఆగదు. అది ఆగితే కదా నువ్వు కాసేపు ఊరికే కూర్చునేది. పైగా దానికి నువ్వక్కర్లేదు. ఆ ఫిజియో పిల్ల అదేదో గొప్ప విషయంలా చెప్పింది, ఎవరూ అక్కర్లేదని. నాకు కావాలి."

ఆయన పెట్టె పట్టుకుని లేచాడు. దుకాణంలో కౌంటరు దగ్గరి మనిషి పెట్టె సీలు కూడా విప్పలేదని చూసి ఆశ్చర్యపోయాడు.

"నల్లది ఎందుకండీ? వీడియో చూడలేదా? చేతిలో పట్టుకుంటే వేడెక్కి ఆగిపోతుందట. ఎవరో కొలతలాయన తేల్చాడు."

"ఎంతసేపటికి ఆగుతుందట?" అన్నాడు కొలతలాయన.

"అరగంటకి."

"అంతసేపు పడుతుందా" అని, నల్లది సంచీలో వేసుకుని వచ్చేశాడు.

మధ్యాహ్నం ఎండ కిటికీ గట్టు దాటి అక్క పాదాల దాకా వచ్చింది. ఆయన అక్క ఒళ్ళో దిండు వేసి, మెషిన్ పెట్టి, ముక్కాలిపీట మీద ఆవిడ కుడిపక్కన కూర్చున్నాడు. ఆవిడ నడిపించింది, ఈయన దూకించాడు. ఈసారి మొదటి వంతెన దగ్గర పడలేదు. మూడో వంతెన దగ్గర పడ్డారు, తప్పు ఎవరిదో తేలేదాకా ఆట ఆపి వాదించుకున్నారు. భార్య వచ్చి తీర్పు చెప్పి వెళ్ళింది, తప్పు ఇద్దరిదీనట. ఎనిమిదో వంతెన మీద చినుకులు ఆగి ఆగి పడ్డాయి.

"ఆగింది" అంది అక్క, చెయ్యి తీసేస్తూ.

కొలతలాయన మెషిన్ని గట్టు మీద పెట్టి వచ్చాడు. సంచీ జోలికి వెళ్ళలేదు. పీట ఇటు తిప్పుకుని అక్కకి ఎదురుగా కూర్చున్నాడు.

"సోమవారం నిన్నొకటి అడిగాను" అంది అక్క.

"ఏమిటి?"

"ఈ చెయ్యి మళ్ళీ కత్తెర పడుతుందంటావా అని. ఊఁ అన్నావు." ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "ఆ ఊఁ నాకు చెప్పావా, నీ పుస్తకానికి చెప్పావా?"

ఆయనకి ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ ప్రశ్న ఆ రోజే విన్నాడు, చెవి వరకు వచ్చి బయటే నిలబడిపోయింది. తర్వాతి రోజు భార్య చెప్పిన మాటలూ గుర్తొచ్చాయి, అక్క పొద్దున్నుంచి చెయ్యి ఎత్తుతోందనీ దించుతోందనీ. అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది.

"పుస్తకానికి" అన్నాడు.

"అనుకున్నాను. అయినా అదే పట్టుకుని ఉన్నాను ఇన్నాళ్ళూ."

ఆయన వంగి దిండు పక్కనున్న ఆవిడ కుడి చేతిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా కత్తెర పిడి ఒరుసుకుని బొటనవేలి పక్కన కాయ కాసింది, అది ఇంకా గట్టిగానే ఉంది. చెయ్యి మాత్రం చల్లగా, బరువుగా ఉంది. ఎన్ని డిగ్రీలో ఆయనకి తెలుసుకోవాలనిపించలేదు.

"ఇప్పుడు నాకు చెప్పు" అంది అక్క.

"తెలీదక్కా. నాకు తెలీదు. పట్టాలని నాకుంది. నువ్వు నా చొక్కా కాలరు విప్పి మళ్ళీ కత్తిరించాలనుంది."

"నాకూ ఉంది" అంది ఆవిడ. "ఎంతుందో చెప్పలేను."

ఆయన చేతుల్లో ఆవిడ చిటికెనవేలు కొద్దిగా కదిలింది. లేదా తన చెయ్యే వణికిందేమో. ఏది నిజమో తేల్చాలని ఆయన ప్రయత్నించలేదు. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. కొట్లో పిల్లల లాగుల సంగతి మళ్ళీ వచ్చింది, ఓనరు సంగతి వచ్చింది. ఎప్పుడో చిన్నప్పుడు బూడిదరంగు మెషిన్ బావిలో పడేసింది ఎవరన్న సంగతి కూడా వచ్చింది. ఎండ గట్టు మీంచి తప్పుకుని చాలాసేపయింది.

"చల్లబడిందేమో చూడు" అంది అక్క.

"ఇంకా లేదక్కా" అన్నాడు ఆయన, లేవకుండానే.